అరవై రెండో బొమ్మ

“చందాకైతే కింద ఇంటావిడను అడుగు తాతా. నాకు పనుంది.”

పూర్ణిమ కంప్యూటర్ మీది నుంచి తల తిప్పకుండానే అంది.

గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మాసిన పంచె, చంకలో గుడ్డ సంచీ.

శివరాత్రి పది రోజుల్లో ఉంది. కోటప్పకొండ తిరునాళ్ళకు వెదుళ్ళతో ఎత్తయిన ప్రభ కట్టే ఊళ్ళవాళ్ళంతా నరసరావుపేటలో ఇల్లిల్లూ తిరిగే రోజులు. పొద్దుటి నుంచి ఈయన నాలుగోవాడు.

“నేనొచ్చింది అందుక్కాదమ్మా...”

“ఇదుగో, స్వామి పేరు మీద.” పక్కనున్న నోటు తీసి చేతిలో పెట్టేసింది.

ఆయన కాసేపు నోటునే చూసి కళ్ళకద్దుకున్నాడు. “స్వామి పేరెత్తినాక కాదనకూడదు. ప్రభకే ఇస్తాలే.”

అయినా కదల్లేదు. చూపు తెర మీద ఆగిపోయింది.

తెర మీద ఒక వింత జంతువు. పిల్లల కార్టూన్ కోసం. ముగ్గురు పిల్లలు కొండలూ అడవులూ తిరిగి, వింత జంతువులను పట్టి, మచ్చిక చేసుకుని, తమ దండులో కలుపుకుంటూ పోతారు. అన్నిటికన్నా చివర దొరికేది ఇది, కొండను కాచే జంతువు.

పూర్ణిమ దాన్ని అరవై ఒక్కసార్లు గీసింది. అరవై ఒక్కసార్లూ చెరిపింది.

“సాయంత్రం అయిదింటిలోపు మీ బొమ్మ రాకపోతే ఇంకొకరిది పెట్టేస్తాం” అని కంపెనీలో అనిల్ కుమార్ నిన్ననే చెప్పాడు. “ఇక మీకు పని ఇవ్వమని పైవాళ్ళను అడగలేను కూడా.”

అప్పటి నుంచి ఆమె ఫోన్ దిండు కింద ఉంది.

కింది నుంచి ఇంటావిడ వెంకటరమణమ్మ కేక వేసింది. “ఏమే పూర్ణా! మూడయింది, అన్నం తిన్నావా? ఆ దెయ్యానికి ఇంకా కోరలు మొలవలేదటే?”

“మొలిచినయ్ పిన్నీ! మళ్ళీ పీకేశా!”

ముసలాయన నవ్వాడు. ఆమెకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఆయన చూశాడు.

చంకలోని సంచీని మెల్లగా గోడకు ఆనించి, నేల మీద కూర్చున్నాడు.

“ఇది దేనికి బయపడుద్దమ్మా?”

“ఇది భయపడేది కాదు తాతా. దీన్ని చూసి అందరూ భయపడాలి.”

“అందుకే బొమ్మలాగుంది.”

పూర్ణిమకు ఒళ్ళు మండింది. “ఎక్కడుంది తప్పు? ఒక్క గీత చూపించు!”

“గీతలో తప్పేముంది? చానా బాగా గీశావు. కొండను కాచేదంటివి. కాచేదానికి యెనకాల ఏదో ఒకటుండాలిగా. పిల్లలున్న మేకను చూడు, మొగం మనమీదే ఉంటది, ఒక చెవి మాత్రం యెనక్కి పెడతది. నువ్వు రెండూ ముందుకే నిలబెట్టావు.”

“ఇది మేక కాదు తాతా.”

“కాదులే.” ఆయన లేచి సంచీ చంకలో పెట్టుకున్నాడు. “ఈసారి చెరపమాక తల్లీ. అన్నం తిను.”

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక, ఆయన మాట తప్పని తేల్చడానికే పూర్ణిమ బొమ్మలో ఒక చెవి వెనక్కి తిప్పింది.

జంతువు మెడ బిగిసింది. ముందుకాలు నేలను పట్టుకుంది. కంట్లోకి ఏదో వచ్చి కూర్చుంది.

అయిదుకు ఇరవై నిమిషాలుండగా బొమ్మ పంపింది.

వేసవి సెలవుల నాటికి ఆ జంతువు పిల్లల చొక్కాల మీదికి ఎక్కింది. ఆ చెవి ఆలోచన ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే, “ఏమో, అలా కుదిరింది” అనేది పూర్ణిమ.

జూన్‌లో అనిల్ కుమార్ ఫోన్ చేశాడు.

“మీ దగ్గర్లోనే చలమయ్య గారని ఉన్నారు. తోలుబొమ్మలు చేస్తారు. ఈసారి ఆయన చేత కూడా చేయిద్దామంటే ఫోన్ కలవడం లేదు. ఒకసారి వెళ్ళి కనుక్కుంటారా?”

“ఎవరాయన?”

“మీది రాకపోతే ఆయన జంతువునే పెడదామనుకున్నాం. తోలు మీద ఒక్కసారికే కొట్టారట, ఉలి దిగాక చెరిపేదేముంటుంది! ఫోటో సరిగ్గా రాలేదని, కంప్యూటర్లోకి ఎక్కించమని మీ అడ్రసిచ్చి పంపాం. ముందుగా చెబుదామంటే మీరు ఫోనెత్తలేదు. మీరు బొమ్మ పంపిన సాయంత్రమే ఆయన ఫోన్ చేసి, ‘నా బొమ్మ పురుగు కొట్టి పాడైంది, ఆ అమ్మాయిదే తీసుకోండి’ అన్నారు. ఇంతకీ మీ దగ్గరికి వచ్చారా?”

“లేదే. ఎవరూ రాలేదు” అంది పూర్ణిమ.

మర్నాడు పొద్దున్నే కోటప్పకొండ దారిలో ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. వసారాలో ఫోటోకు దండ వేసి ఉంది.

ఫోటోలోని ముఖం చూసి పూర్ణిమ గుమ్మంలోనే ఆగిపోయింది.

“పోయిన నెలలోనేనమ్మా” అంది ఆయన భార్య శివపార్వతి. “నువ్వెవరో తెలవలా.”

పూర్ణిమ చెప్పులు విడిచి వసారాలోకి వచ్చింది. పేరు చెప్పకుండానే అడిగింది. “ఆయన ఆఖరున చేసిన బొమ్మ... పురుగు కొట్టిందంట గదమ్మా, అది ఉందా?”

“పురుగా?” శివపార్వతి లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన బొమ్మ తెచ్చింది. “పేటకు ఎట్టా తీసకపోయాడో అట్టాగే తెచ్చాడు. మళ్ళీ విప్పింది కూడా లేదు.”

పూర్ణిమ గుడ్డ విప్పి, కొండను కాచే ఆ జంతువును వసారా ఎండకు ఎత్తి పట్టుకుని, వెలుతురు దూరే కన్నాలను ఒక్కొక్కటే చూసింది. అన్నీ ఆయన ఉలితో కొట్టినవే, పురుగు కొట్టింది ఒక్కటీ లేదు.