పచ్చ డ్రాగన్

రోలర్ కోస్టర్ ముందు పెట్టెకు నిన్న బిగించిన పచ్చటి డ్రాగన్ తల తెల్లారేసరికి మాయమైంది. దాని స్థానంలో పాత ఏనుగు తల ఉంది. నుదుట కుంకుమ బొట్టు ఇంకా తడిగానే ఉంది.

"అసిరమ్మా!" మేనేజర్ బలరామ్ అరుపుకు షెడ్డు దద్దరిల్లింది.

పార్కు ఊడుస్తున్న అసిరమ్మ చీపురు వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఏనుగును చూడగానే చేతులు జోడించింది.

"దండం తర్వాత! కాసేపట్లో గేట్లు తెరవాలి. సాక్చి బజారు నిండా డ్రాగన్ పోస్టర్లే. ఎవరు మార్చారు?"

"నాకేటి తెలుసు బాబూ?"

"ఏనుగు తల విప్పిన రోజు ఏడ్చింది నువ్వే కదా?"

"ఏడిసేను. ముందర ఈ బండికి రైలింజను మొకం ఉన్నప్పుడు ఓ పిల్లోడి సెయ్యిరిగింది. ఈ వినాయకుడొచ్చినాక ఒక్క పిల్లకీ గీత పడనేదు. అందుకే రోజూ బొట్టెట్టేదాన్ని. బోల్టులిప్పడం నాకొచ్చా?"

"నీ కొడుకు అమర్‌కి వచ్చుగా. ఇక్కడ ఫిట్టరేగా వాడు!"

అసిరమ్మ ముఖం పాలిపోయింది. "ఆడిని లాగకండి బాబూ. వచ్చే నెలే పర్మినెంటు."

"ఇక పర్మినెంటూ లేదు, ఏమీ లేదు. పోలీసుల్ని పిలుస్తా." బలరామ్ ఫోను తీశాడు.

"రుకియే సర్, ఆగండి!" హరికిరణ్ గబగబా లోపలికొచ్చాడు. కోస్టర్‌ను డ్రాగన్‌గా మార్చే పని అతనిదే. గేటు దగ్గర కొత్త గౌనులో అతని కూతురు ప్రియ గంతులేస్తోంది. "పోలీసులెందుకు? మళ్ళీ విప్పి బిగించే టైము లేదు. ఈ ఒక్కరోజూ ఏనుగుతోనే నడిపిద్దాం."

"మెషీన్‌కి అగరబత్తీయా అని పడీపడీ నవ్వావు. ఇప్పుడు ఈవిణ్ణి వెనకేసుకొస్తావేంటి?"

"పాపం, పెద్దావిడ కదా సర్."

"పెద్దావిడైతే? నష్టం ఎవడు భరిస్తాడు? అమర్‌ని ఇప్పుడే తీసేస్తున్నా."

హరికిరణ్ చేత్తో నుదుటి చెమట తుడుచుకున్నాడు. అసిరమ్మ ఆ చేతికేసే చూస్తోంది.

"బాబూ, తమరి డ్రాగన్ పచ్చది గదా?"

"అవును."

"మరి ఏలికి ఆ ఎర్రరంగేటి?"

హరికిరణ్ గుప్పిట మూశాడు. బలరామ్ ఫోను దించాడు.

"అమర్‌కేమీ తెలీదు సర్. తల మార్చింది నేనే."

"నువ్వా! ఎందుకయ్యా?"

హరికిరణ్ గేటు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"మొదటి ట్రిప్పులో మా ప్రియ ఎక్కుతోంది."