ఐల్సా ఫోల్డర్

"పెద్దాయనా, ఐల్సా మేడమ్ సర్వర్ ఆపేసి డిస్క్ తుడిచేస్తున్నాం. ఆవిడ పాఠాల రికార్డింగులు మీ దగ్గరున్నాయిగా?" డ్యునెడిన్ కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే రెవీ ఫోన్ చేశాడు.

"అన్నీ ఇంట్లోనే ఉన్నాయి," అన్నాను.

ఆ పాఠాల ఫోల్డర్‌ని నా లాప్‌టాప్‌లో నా భార్య ఐల్సాయే పెట్టింది. ఆమె పోయాక ఈ పద్నాలుగు నెలలుగా రోజూ టీ వేళకు ఒక పాఠం వింటున్నాను. ఆమె నేర్పే లినక్స్ కంప్యూటర్ విద్య నాకు తెలియదు. గొంతు కోసం వింటాను.

"చూసి చెప్పండి. తుడిచాక నన్ను తిట్టినా తిరిగి రావు."

తెరిచి చూశాను. నూట ఆరు ఫైళ్ళు. "కళ్ళెదురుగానే ఉన్నాయయ్యా. కానియ్."

"సరే, మీ మాట మీదే," అని పెట్టేశాడు.

టీ పోసుకుని పన్నెండో పాఠం పెట్టాను. అప్పటికి నాలుగుసార్లు విన్నదే.

"ఎక్కడో సర్వర్‌లో ఉన్న ఫోల్డర్‌ని ఇలా మౌంట్ చేస్తే మీ ఇంట్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది," అంటోంది ఐల్సా. "అడ్మిన్ అనుమతి కూడా అక్కర్లేదు. మా ఆయనకూ ఇలాగే పెట్టిచ్చాను. ఇది కాపీ కాదు మహానుభావా అంటే వింటేగా! అక్కడ సర్వర్ ఆగిందా, ఇక్కడ..."

మొదటిసారి ఆమె మాటలు విన్నాను. లాప్‌టాప్‌లో ఆమె గొంతు అక్కడే ఆగిపోయింది.