రాతి సైకిల్

"టైరు ఇంత లావైతే రాయి చాలదప్పా," అన్నాడు శేషాచారి.

"టైరు సన్నం చేస్తే అది వేరే బండి అయిపోతాదన్నా. రాయే పెద్దది చూడు," అన్నాడు ప్రవీణ్.

ఆళ్ళగడ్డలో శేషాచారి పేరున్న శిల్పి. దేవుళ్ళనూ చెక్కుతాడు, మనుషుల్నీ చెక్కుతాడు. పోయినవాళ్ళ విగ్రహం చేయించి పొలంలో నిలబెట్టుకునేవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామందే. కుర్చీలో కూర్చున్న పెద్దాయనలు, చేతులు జోడించిన అవ్వలు ఎందరో ఆయన షెడ్డులోంచి లారీలెక్కి పోయారు. సైకిలెక్కిన మనిషి విగ్రహం కావాలని వచ్చినవాడు మాత్రం ఇతనే మొదలు.

ఎవరు పోయారని శేషాచారి అడగలేదు. వచ్చీరాగానే ఆ మాట అడిగితే ఏడుపు మొదలవుతుంది, కొలతలు పక్కకు పోతాయి. ముందు ఎత్తు, రాయి, నిలబెట్టే చోటు మాట్లాడుకోవాలి. ఫోటో చివర్లో తీసుకోవచ్చు. మొహం ఎలాగూ ఆఖర్నే చెక్కుతాడు. ఈ అబ్బాయికి పాతికేళ్ళుంటాయేమో. పోయింది అన్నో తమ్ముడో అయ్యుంటాడు, పాపం, అనుకున్నాడు. బయట నిలబెట్టిన సైకిలూ ఆ పోయినవాడిదే అయ్యుంటుంది.

ప్రవీణ్‌ది బండిఆత్మకూరు అనే ఊరి దగ్గర పల్లె. చేలో బోరు పక్కన విగ్రహం పెట్టాలన్నాడు. నంద్యాల మీదుగా శుభ్రమైన రోడ్డుండగా, ఈ మహానుభావుడు కాలవ గట్లూ చేని దారులూ పట్టుకుని ఆ సైకిల్ మీదే వచ్చాడు. ఒంటినిండా దుమ్ము, మొహం నిండా నవ్వు. ఇలాంటి పని మీద వచ్చి ఇలా నవ్వేవాణ్ణి శేషాచారి ఎప్పుడూ చూడలేదు.

పేరుకది సైకిలే గానీ, చక్రాలు మోటార్ సైకిల్ చక్రాలకన్నా లావు. కొన్నప్పటి రూపం దానికి ఏమీ మిగల్లేదు. నంద్యాలలో వెల్డింగ్ షాపతని ప్రాణం తీసి హ్యాండిల్ వెడల్పు చేయించాడట. మడ్‌గార్డులు పీకేశాడు. ఎద్దు కొమ్ములకు వేసే ఆకుపచ్చ రంగు తెచ్చి తనే పూశాడు. చేనుకు మందు కొట్టే పంపు బెల్టు తెగ్గోసి నీళ్ళ సీసాకు పట్టీ కుట్టాడు. చిన్నపిల్లాడు బొమ్మలు చూపించినట్టు ఒక్కోటీ చూపిస్తుంటే శేషాచారికి ముచ్చటేసింది.

"ఎక్కన్నా. ఎక్కకుండా యెట్ల చెక్కుతావ్?"

వద్దంటే వినలేదు. చక్రాల్లో గాలి సగానికి తీశాడు. అలాగైతేనే ఇసుకలో కూరుకుపోదట. శేషాచారి పంచె ఎగ్గట్టి ఎక్కాడు. రాతి పెళ్ళల కుప్ప మీదుగా వెళ్ళి షెడ్డు వెనక వాగులోకి దిగాడు. మామూలు సైకిలైతే మూతి పగిలేది. ఇది ఇసుకలో ఎనుము నడిచినట్టు తాపీగా పోయింది. ఆయన పగలబడి నవ్వాడు. అంత గట్టిగా నవ్వి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

వాన వెలిసిన మర్నాడు నల్లమట్టిలో తొక్కాలని ప్రవీణ్ చెప్పాడు. తన ఊరి వైపు అడవి అంచున ఎండుటాకుల మీద చక్రం పోతుంటే వచ్చే చప్పుడు గురించి చెప్పాడు. చెప్తూ చెప్తూ అమ్మ మాట ఎత్తాడు.

"మా యమ్మకు మంచం పట్టిన మొహమే గుర్తుండిపోతాదని భయమన్నా. బండి మీద నవ్వే మొహం గుర్తుండాల. అంతే నాకు."

 ఆ తల్లికి ఆ నవ్వు తప్పకుండా తెచ్చిస్తానని శేషాచారి మాటిచ్చాడు. మొహం చెక్కేటప్పుడు ఆమె దగ్గరుంటే మంచిదన్నాడు. కన్నతల్లి కంటే బాగా పోలిక పట్టేదెవరు? ప్రవీణ్ మాత్రం అమ్మకు ఇప్పుడే తెలియకూడదన్నాడు. పని త్వరగా కావాలని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

మళ్ళీ వచ్చేసరికి సైకిల్ సీటు దించి ఉంది. కొలత మారిందని శేషాచారి గొణిగాడు.

"రాతిలో దించొద్దన్నా. అదే సరైన ఎత్తు," అన్నాడు ప్రవీణ్.

మనిషి చిక్కిపోయాడు. తోడబుట్టినవాడి దిగులు లోపల్లోపల తినేస్తోందని శేషాచారి బాధపడ్డాడు. వేళకు అన్నం తినమని మందలించాడు. ఫోటో గుర్తుచేస్తే ప్రవీణ్ చూద్దాంలే అన్నాడు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట.

ఆఖరిసారి ప్రవీణ్ బస్సులో వచ్చాడు. బస్టాండు నుంచి షెడ్డుకు కూడా ఆటోలోనే వచ్చాడు. విగ్రహం దాదాపు పూర్తయింది. గుబ్బల టైర్లు, వెడల్పు హ్యాండిల్, ముందుకు వంగిన వీపు అన్నీ కుదిరాయి. మెడ మీద మాత్రం చెక్కని రాతి ముద్ద ఉంది. ప్రవీణ్ టైరు మీది గుబ్బలు ఒక్కొక్కటే వేలితో తడిమాడు. చాలా బాగుందన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు చూసి శేషాచారికి ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళు చేసిందంతా ఒక్క ఫోటో కోసం ఆగిపోయింది మరి.

"నవ్వే ఫోటో ఒక్కటన్నా ఇయ్యప్పా. పోయినోని మొహం నేను యాడినుంచి తెచ్చేది?"

 ప్రవీణ్ స్టూలు లాక్కుని శేషాచారికి ఎదురుగా కూర్చున్నాడు. చెమట పట్టిన మొహం తువాలుతో తుడుచుకుని, మెల్లగా నవ్వాడు.

"ఫోటో యెందుకన్నా, నేనింకా ఉండా గదా, నన్ను జూసి చెక్కు," అన్నాడు.