ఏడో బెడ్ ఫైలు

రాత్రి రెండింటికి తుడియలూరు ఆసుపత్రి డేటాబేస్ ఆగిపోయింది. తెరిచి ఉన్న ఫైళ్లు పరిమితి దాటాయని సర్వర్ చెబుతోంది.

"అన్నా, ఏ పేషెంటుకు ఏ మందో స్క్రీన్‌లో రాలేదు. సీక్రం చూడన్నా," పై అంతస్తు ఐసీయూ నుంచి నర్సు జెబమలర్ ఫోన్‌లో తొందరపెట్టింది.

కింద సర్వర్ గదిలో నందకుమార్ పరిమితిని వెయ్యి నుంచి నాలుగు వేలకు పెంచాడు. నిమిషంలో నిండింది. అరవై వేలకు పెంచాడు. అదీ నిండింది. గదిలో ఫ్యాన్ల హోరు తప్ప మరో చప్పుడు లేదు.

తెరిచి ఉన్నవేవో జాబితా తీశాడు. అరవై వేల సార్లు తెరిచి ఉన్నది ఒకే ఫైలు: ఏడో బెడ్, గోవిందమ్మాళ్.

నందకుమార్ వాళ్లమ్మ. పోయి ఎనిమిది రోజులైంది. గొంతులో గొట్టంతో మాట్లాడలేక, నర్సులిచ్చిన టాబ్లెట్‌లో రాసేది. ఆమెకు వచ్చింది తమిళ అక్షరాలే. రాసింది మాత్రం ఇంటి తెలుగు. చివరి రాత్రి తెలుగు తెలిసిన జెబమలర్ డ్యూటీలో లేదు; ఉన్నవాళ్లు చదివారు గానీ, ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు నందకుమార్ ఈ గదిలోనే, ఈ సర్వర్‌నే బాగుచేస్తున్నాడు.

ఇన్నాళ్లూ చూడలేకపోయిన ఆ ఫైలును ఇప్పుడు చూశాడు.

"నందా, దప్పిగా ఉండాది. రా."

అదే వాక్యం, కిందికి, ఇంకా కిందికి. పెరుగుతూనే ఉంది.

పైన పన్నెండుమంది రోగులున్నారు. అతను కళ్లు మూసుకుని అన్నిటినీ ఒక్కసారిగా మూసేశాడు. డేటాబేస్ లేచింది.

ఫోన్ మోగింది.

"సరైపోయిందన్నా," అంది జెబమలర్. "ఏడో బెడ్ కాలీగానే ఉండాది. ఆ టాబ్లెట్‌లో ఇప్పుడే ఒక లైను వచ్చింది. తమిళ అక్షరాలు, మన మాట."

"ఏమని?"

"'వద్దులే నందా. నువ్వు పని చూసుకో.'"