కింది ఇంటి బూజుకర్ర

సీటు వచ్చిన కబురు తెలిసేసరికి ఆమె బాల్కనీలో భర్త చొక్కా జాడిస్తోంది.

ఫోన్ చూసుకున్న సంబరంలో చొక్కాను బకెట్లో కాకుండా కిందికి వదిలేసింది.

"ఏవండీ! వచ్చేసింది! స్వరరచనలో పీజీ! ఉన్నవే ఎనిమిది సీట్లు, అందులో ఒకటి నాది!"

అతను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. పెళ్లయి నాలుగు నెలలు. ఇంట్లో ఉన్నవి ఒక మంచం, రెండు కుర్చీలు, ఒక కీబోర్డు. ఆ రెండు కుర్చీల మధ్యనే ఆమెను ఎత్తి గిరగిరా తిప్పాడు.

"ఇంతకీ నా చొక్కా ఏది?"

"ఎవరి నెత్తిన పడిందో! ముందు ఉత్తరం వినండి."

ఆమె పైకి చదివింది. "మీ రచన నడుమ వచ్చే నాలుగు లెక్కపెట్టేంత మౌనం మమ్మల్ని కదిలించింది. అంతసేపూ పరుగెత్తిన పాట అక్కడ ఊపిరి తీసుకుంది. ముగింపులో మాత్రం కొంత తొందర కనిపించింది."

మౌనం అన్న మాట దగ్గర ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

ఆ మౌనం ఆమె కావాలని రాసింది కాదు. కింది ఇంటి ముసలాయన పెట్టిన బాధ.

ఈ ఇంట్లో దిగిన వారం నుంచే ఆ గొడవ. సాయంత్రం ఆమె కీబోర్డు ముందు కూర్చునేది. పాట సరిగ్గా ఒక చోటికి రాగానే కింద నుంచి టక్, టక్, టక్, టక్. ముసలాయన బూజుకర్రతో పైకప్పును పొడిచేవాడు. ఆమె ఉలిక్కిపడి ఆగేది. నాలుగూ అయ్యాక మళ్లీ అందుకునేది. రోజూ అక్కడే. చివరికి చేతులకు అలా ఆగడమే అలవాటైపోయి, కాగితం మీద కూడా అలాగే రాసేసింది.

"బూజుతాత పుణ్యమా అని సీటొచ్చింది," అన్నాడు అతను.

"ఆయన పుణ్యమేంటి? 'ఎవరి దగ్గర నేర్చుకున్నారు?' అని ఫారంలో అడిగితే ఏం రాశాను? 'ఎవరి దగ్గరా లేదు' అని! అలా రాసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను."

"పైగా పెద్దాయన మీద ఓనరుకు చాడీలు కూడా చెప్పొచ్చావుగా?"

"చెప్పబట్టే చప్పుడు తగ్గింది. మొదట మెత్తబడింది. ఈ పది పన్నెండు రోజులుగా అసలే లేదు. ఓపిక అయిపోయినట్టుంది." ఆమె చాక్లెట్ల డబ్బా అందుకుంది. "పదండి, నోరు తీపి చేసి, కాస్త ఆటపట్టించి వద్దాం."

"పొయ్యి మీద పాలున్నాయి. నువ్వెళ్లు. చొక్కా మర్చిపోకు."

ఆమె రెండేసి మెట్లు దిగుతూ వెళ్లింది.

కింది ఇంటి తలుపు తీసే ఉంది. లోపల ఒక నడివయసు ఆవిడ అట్టపెట్టెలకు టేపు అతికిస్తోంది. తడిచొక్కా అప్పటికే కిటికీ ఊచకు వేలాడుతోంది.

"ఇది మీదేనా అమ్మా? గుమ్మం ముందు పడింది."

"మాదేనండీ. పెద్దాయన లేరా?"

"నాన్న పోయి పన్నెండు రోజులైంది. ఆసుపత్రి నుంచి అటే తీసుకెళ్లిపోయాం. ఇక్కడెవరికీ తెలీదు."

ఆమె చాక్లెట్ల డబ్బాను వీపు వెనక దాచుకుంది.

"పైన వాయించేది నువ్వేనా?"

"నేనేనండీ. ఆయన్ని చాలా విసిగించాను. ఏమీ అనుకోకండి."

"విసుగా?" ఆవిడ టేపు పక్కన పెట్టింది. "సాయంత్రమైతే చాలు, చక్రాల కుర్చీని సరిగ్గా నీ కీబోర్డు కిందికి తొయ్యమని సైగ చేసేవారు. పక్షవాతంతో మాటా, కుడిచెయ్యీ పడిపోయి మూడేళ్లు. అంతకుముందు నలభై ఏళ్లు పాట కట్టడం నేర్పారు. ఆగాల్సిన చోట ఆగకుండా పోతే బల్ల మీద నాలుగు దెబ్బలు వేసేవారు. 'ఇక్కడ ఆగరా, వినేవాడికి కాస్త చోటివ్వు' అనేవారు."

ఆమె తలెత్తి పైకప్పు వైపు చూసింది.

"ఓనరు వచ్చి కేకలేశాక కర్ర తీసేద్దామనుకున్నాను. ఇస్తేగా! చివర తువ్వాలు చుట్టమని సైగ చేశారు. చుట్టాను. అయినా మానలేదు."

మూలన బూజుకర్ర నిలబెట్టి ఉంది. చివర నీలం తువ్వాలు ఇంకా అలాగే ఉంది.

ఆవిడ ఒక పెట్టెలోంచి నాలుగు కాగితాలు తీసిచ్చింది. "ఇవి నీకు సంబంధించినవేమో చూడు. నాకు సంగీతం రాదు."

ఎడమచేత్తో వంకరటింకరగా రాసిన స్వరాలు. పైన 'పై ఇంటి అమ్మాయి' అని ఉంది. పైకప్పులోంచి వింటూ ఆమె పాట మొత్తం రాసుకున్నాడు. నడుమ నాలుగు ఖాళీ గళ్లు.

చివరి కాగితంలో, ముగింపుకు ముందు, మరో నాలుగు ఖాళీ గళ్లు. వాటి కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

అక్కడ ఆమె ఎన్నడూ ఆగలేదు. ముగింపు కడుతున్న రోజులకు కర్రకు తువ్వాలు చుట్టేసి ఉంది.

చొక్కా తీసుకోకుండానే పైకి వచ్చింది. అతను రెండు కప్పుల్లో పాలు పోసి ఉంచాడు.

"ఏమన్నాడు బూజుతాత?"

ఆమె వెళ్లి కీబోర్డు ముందు కూర్చుంది. ముగింపు వాయించింది. ఆ చోటికి రాగానే ఆగింది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

కింద నుంచి ఏ చప్పుడూ రాలేదు.

మిగిలినది వాయించి చేతులు ఒళ్లో పెట్టుకుంది. పాల మీద మీగడ కట్టింది.

"రేపు పొద్దున్నే కిందికెళ్లి ఆయన పేరేమిటో అడగాలండీ," అంది. "అక్కణ్నుంచి కాలేజీకి వెళ్లి, ఫారంలో 'ఎవరి దగ్గరా లేదు' అన్నది కొట్టేయించి, ఆ పేరు రాయించాలి."