బయట బల్ల మీద పెద్దాయన

కొడుకు వీపు నిండా ఎర్రటి కురుపులు.

ఏమైందిరా అంటే కయ్యిమంటున్నాడు. నిద్ర లేదు. పొద్దున్నే టిఫిన్ కంచం గోడకేసి కొట్టాడు.

అమ్మ గుండె గుప్పెట్లో పెట్టుకుని వాణ్ణి క్లినిక్‌కి లాక్కొచ్చింది.

వరండాలో బల్ల మీద నలిగిన చొక్కాతో ఓ పెద్దాయన. కుర్రాడి భుజాలకేసి చూసి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

"జిమ్మా నాన్నా?"

"ఊఁ."

"కండ బాగానే పెంచావే! మాత్రలా, సూదులా?"

కుర్రాడి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అవేం మాటలండీ!" అమ్మ గయ్యిమంది. "సూదంటే మావాడు ఆస్పత్రి గేటు దగ్గర్నుంచే ఏడుపు లంకించుకునేవాడు!"

"తప్పు పట్టలేదమ్మా. ఊరికే అడిగాను."

ఆమె కిటికీ దగ్గర పేరు రాయించుకుని వచ్చేసరికి ఇద్దరూ గుసగుసలు.

అమ్మకు ఒళ్ళు మండింది. ఆ మందులు అమ్ముకు తిరిగే బాపతే అయ్యుంటాడు!

"నా బిడ్డకి ఏం అంటగడుతున్నారు? లేస్తారా, నలుగుర్నీ పిలవనా?"

పెద్దాయన లేచి, కుర్రాడి భుజం తట్టాడు.

"లోపలికెళ్ళాక ఏదీ దాచకు నాన్నా."

వెళ్ళిపోయాడు.

లోపల డాక్టరమ్మ బీపీ చూస్తుండగానే కుర్రాడు మొత్తం కక్కేశాడు. కండల పోటీ కోసం ఇంజెక్షన్లు. జిమ్‌లో స్నేహితుడు తెచ్చిచ్చాడు.

అమ్మ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "దక్కుతాడా డాక్టరమ్మా నా కొడుకు?"

"ఎందుకు దక్కడు! బీపీ ఎక్కువుంది. రక్తం, గుండె పరీక్ష చేయిద్దాం. నోరు విప్పాడుగా, ఇక నాకొదిలెయ్యండి. బాబూ, నీ అంతట నువ్వు టక్కున మానేశావనుకో, మనసు కుంగిపోతుంది. నేను చెప్పినట్టు మానుదాం."

కుర్రాడు బుద్ధిగా తలూపాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు ఏడుస్తావు. నాన్న కొడతాడు. ఆ పెద్దాయన మామూలుగా అడిగాడమ్మా, అంతే."

అమ్మ గబగబా తలుపు తీసి చూసింది. బల్ల ఖాళీ.

"అయ్యో, నానా మాటలూ అని తరిమేశానే! ఏం జబ్బు డాక్టరమ్మా ఆయనకి?"

డాక్టరమ్మ బీపీ పట్టీ చుట్టి పక్కన పెట్టింది.

"జబ్బేం లేదమ్మా. ఇలాంటి కురుపులతోనే వచ్చిన ఓ కుర్రాడికి ఏమీ అడక్కుండా పూత మందు రాసి పంపితే, వాడు పోటీ వేదిక మీదే ప్రాణం వదిలాడు; అప్పట్నుంచీ ఈ కుర్చీ నాకప్పగించి ఆ బల్ల మీద కూర్చుంటున్నారు, మా పెద్ద డాక్టరుగారు."