కుడి చెయ్యి జాగ్రత్త

సింకు జాలీలో వేళ్ళు పెట్టగానే మెత్తగా ఏదో తగిలింది. అది నానిన బ్రెడ్డో, నిన్నటి టీపొడో, ఇంకేమిటో తేల్చుకునే ధైర్యం ఆయనకు లేకపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఎడమ చేత్తో లాగాడు.

"కుడి చెయ్యి జాగ్రత్తండీ," అంది భార్య, వారపత్రికలోంచి తల ఎత్తకుండా.

సింకుకు అడుగున ఒక జాలీ ఉంటుందనీ, దాన్ని రోజూ ఎవరో ఒకరు శుభ్రం చెయ్యాలనీ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకు తెలియదు. సాయంత్రమైతే రాకెట్ భుజాన వేసుకుని క్లబ్బుకు పోవడం, తిరిగొచ్చి చెమట సాక్సులు సోఫా మీద పారేసి భోజనానికి కూర్చోవడం, అదీ ఆయనకు తెలిసిన సంసారం. ఒకరోజు స్మాష్ కొట్టబోతే కుడి భుజం గూడులో మెత్తటి అంచు చిరిగింది. ఆపరేషన్ చేసి కుట్టారు. చేతికి కట్టిన పట్టీ ఊడి చాలా కాలమైంది. ఆట ఆడటానికి మాత్రం ఇంకా అనుమతి రాలేదు.

ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఆవిడే పనులు అప్పగించింది, అన్నీ ఎడమ చేత్తోనే. మాడిన గిన్నెలు తోమడం. నేలగుడ్డ పిండటం. నీళ్ళ డబ్బా మొయ్యడం. చెత్తబుట్ట దించి రావడం. దాని అడుగు నుంచి జిగురు నీళ్ళు మెట్ల పొడుగునా ఆయన పాదం మీదే కారేవి. ముక్కు మూసుకుందామని రెండో చెయ్యి ఎత్తబోతే వెనక నుంచి వినపడేది, "జాగ్రత్త" అని.

అన్నిటికంటే ఘోరం స్నానాల గది తూము. రబ్బరు పంపుతో పొడవగా పొడవగా అందులోంచి నల్లగా, బురదగా ఒక ముద్ద తేలింది.

"ఛీ, ఇదేంటే, చచ్చిన ఎలకలా ఉంది."

"మీ జుట్టేనండీ. ఊడుతోందంటే మీరు ఒప్పుకోరు గాని."

ఆ పూట ఆయనకు భోజనం సహించలేదు.

ఆ మర్నాడు డబుల్స్‌లో ఆయన జోడీ ఫోన్ చేశాడు. క్లబ్బులో అందరూ అతన్ని పొడుగాయన అంటారు.

"గురూ, పోటీలకి పేర్లు రేపు ఇచ్చెయ్యాలి. నువ్వు రాకపోతే ఆ బ్యాంకాయన్ని తీసుకుంటా. ఏమనుకోకు. ఇంకెన్నాళ్ళని ఆగను?"

ఆ చోటు ఒకసారి బ్యాంకాయన చేతిలో పడితే ఇక తిరిగి రాదు. మిగిలిన జీవితమంతా సాయంత్రాలు ఈ సింకూ, ఆ తూమూ.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. పరీక్ష అయ్యీ అవ్వగానే ఆయన, "వివరాలు మా ఆవిడకి చెప్పండి," అని వరండాలోకి వెళ్ళి పొడుగాయనతో మాట్లాడుకునేవాడు. కరెంటు బిల్లయినా, మందులయినా, తన భుజమయినా, వివరాలన్నీ ఆవిడ శాఖే. ఈసారి ఆవిడతో అంటే ఇంకో నెల ఆగమంటుందని, చెప్పకుండా ఒక్కడే బయల్దేరాడు.

చేతి బలం కొలిచే యంత్రం ముందు కూర్చుని పిడి పట్టుకున్నాడు. తన అరచేతిలోంచి ఇంకా నేలగుడ్డ వాసనే కొడుతోంది. తల పక్కకు తిప్పుకుని ఎడమ చేత్తో లాగాడు. తర్వాత పళ్ళు బిగబట్టి కుడి చేత్తో లాగాడు. నొప్పి అన్నది లేదు.

ఫిజియోథెరపిస్టు తెర చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా కుదరదు సార్."

"ఎందుకు కుదరదయ్యా? రబ్బరు పట్టీ వ్యాయామాలు ఒక్క పూట మానలేదు. చెయ్యి చూడు, ఎలా తిరుగుతోందో. మీకేం, మీరు కుర్చీలో కూర్చుని తల ఊపుతారు. ఇంటికెళ్ళి ఆ కుళ్ళులో చెయ్యి పెట్టేది నేను. తలుచుకుంటేనే వాంతికొస్తోంది. అసలు నా కుడి చేతికి ఏం తక్కువైందో ఇవాళ చెప్పి తీరాలి."

ఫిజియోథెరపిస్టు ఆయన్ని వింతగా చూశాడు.

"కుడి చెయ్యి ఎప్పుడో బాగైంది సార్, మీ ఎడమ చెయ్యే వచ్చిన ప్రతిసారీ ఇంకా బలపడుతోంది. కుడిది ఎడమ చేతికి ఇంచుమించు సమానంగా లాగితేనే ఆటకి పంపుతాం కాబట్టి, ఆ ఎడమ చేత్తో బరువు పనులు చేయించొద్దని మేడమ్‌కి మొదటి రోజే చెప్పాను కదా."